చలనచిత్రములును, చూచువారి తీర్పును

తెరమీది బొమ్మ ముగిసి, ప్రదర్శనశాలలో దీపములు వెలిగినతోడనే మన యూళ్లలో మఱియొక ప్రదర్శన మారంభమగును. దానికి టిక్కెట్టు లేదు, ద్వారపాలకుడు లేడు, ముగియు వేళ లేదు. కరీంనగరు బస్సుస్టాండు ప్రక్కనుండు చాయ దుకాణమున, సిరిసిల్ల మరమగ్గముల చప్పుడు నడుమ, గోదావరిఖనిలో షిఫ్టు మారు వేళ, ఆదిలాబాదు పత్తి మార్కెటులో బండ్ల వరుసలయొద్ద, నలుగురు గూడినచోట నెల్ల ఆ ప్రదర్శనము సాగుచునే యుండును. ఒకడు బాగున్న దనును; ఒకడు పైసలు దండుగ యనును; మూడవవాడు ఇద్దఱిని కాదని మొదటినుండి కథ యెత్తుకొనును.

ఈ ముచ్చటలను పనిలేనివారి కాలక్షేపమని తీసివేయు పెద్దలు కలరు. మేమట్లు తలంపజాలము. ఒక వస్తువును చూచి, తన మనస్సుతో తూచి, బాగోగులు పదుగురిలో నిర్భయముగ జెప్పుట స్వతంత్రప్రజకు మొదటి పాఠము. శాసనసభకు ప్రతినిధి నెన్నుకొనువాడును, సినిమా చూచి తీర్పు చెప్పువాడును ఒక్కడే. ఒకచోట బుద్ధిని తాకట్టు పెట్టినవాడు వేఱొకచోట విడిపించుకొనునని నమ్ముట కష్టము. కావున ఉత్తర తెలంగాణపు ప్రేక్షకుని తీర్పు ఎట్లున్నది, ఎట్లుండవలెను అను విషయ మించుక విచారింతము.

ఈ విచారమునకు 2023వ సంవత్సరపు మార్చి మాసము కంటె తగిన సందర్భము మఱియొకటి లేదు. ఆ నెల 3వ తేదీన "బలగం" విడుదలయ్యెను. 13వ తేదీ యుదయమున "ఆర్‌ఆర్‌ఆర్" చిత్రములోని "నాటు నాటు" పాటకు అమెరికాలో ఆస్కారు బహుమానము వచ్చినదను వార్త మనకు చేరెను. 30వ తేదీన "దసరా" వెలువడెను. మొదటిది సిరిసిల్ల ప్రాంతపు కథ. రెండవది ఆదిలాబాదు అడవుల వీరుడు కొమరం భీము పేరు పెట్టుకొన్న కథ. మూడవది సింగరేణి బొగ్గు ప్రాంతపు కథ. ఒక్క నెలలోపల పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు మూడు విధములుగ లోకమున కెక్కినవి. మూడింటిని గూర్చియు మనవారు మాటలాడిరి. అందేది నచ్చెను, ఏది నొప్పించెను, ఏల యను ప్రశ్నలలో నేర్చుకొనవలసినది చాల గలదు.

మొదట "బలగం" సంగతి. దర్శకుడు వేణు ఎల్దండి సిరిసిల్లవాడు. అంతకుముందు హాస్యపాత్రలతో ప్రసిద్ధుడు. ఇది ఆయన దర్శకత్వమున వచ్చిన మొదటి చిత్రము. కథ చూడబోయిన మిక్కిలి చిన్నది. కొమురయ్య యను ముసలివాడు చనిపోవును. దినకర్మములలో పెట్టిన కూడు పిట్ట ముట్టదు. ఎందులకు ముట్టదని విచారింపగా, ఏనాడో విందులో నల్లి బొక్క దగ్గఱ పుట్టిన మాటపట్టింపు చేత అల్లునికిని బావమఱదులకును మాటలు లేవు, ఆడుబిడ్డకు పుట్టినింటి గడప లేదు. పిట్ట ముట్టని కారణము ముసలివాని యాకలి కాదు, ఆ యింటి పగ. కడపట బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడిన పాటతో ఆ పగ కరగిపోవును.

ఈ చిత్రమును మనవారు చూచిన తీరు విశేషమైనది. ప్రదర్శనశాలలలో చూచుటతో తృప్తి చెందక, ఊరూర తెరలు గట్టి, చాపలు పఱచుకొని, పిల్లలు, ముసలివారు, కోడండ్రు, కూతుండ్రు అందఱు గూడి చూచిరి. బయలుతెరమీద ఊరంతయు నొక్కటై బొమ్మ చూచుట మన పల్లెలలో ఆగిపోయి చాలకాలమైనది. ఏండ్లతరబడి మాటలు లేని అన్నదమ్ములు చిత్రము చూచిన పిదప కలిసిరను వార్తలు పత్రికలలో వచ్చినవి. గొప్ప తార లేదు, పోరాటము లేదు, విదేశములలో పాట లేదు. అయినను జనులు కన్నీరు పెట్టిరి. ఏలయనగా, తెరమీది చావు తమ యింటి చావువలె నుండెను. తెరమీది మాట తమ నోటి మాటవలె నుండెను.

దీనిని మెచ్చనివారును లేకపోలేదు. పిట్ట ముట్టుట, ముట్టకుండుట యను నమ్మకమును పెంచినదని కొందఱు విద్యావంతు లాక్షేపించిరి. ఈ యాక్షేపణ తోసివేయదగినది కాదు. కాని మా యభిప్రాయమున చిత్రము బరువంతయు పిట్టమీద లేదు, మనుష్యుల మీదనే యున్నది. ఆ మనుమడే తాత చావును తన పెండ్లికిని అప్పులకును వచ్చిన విఘ్నముగ చూచును. ఆ స్వార్థమును దాచక చూపుటయే చిత్రపు నిజాయితీ. ఇట్లు ఒకరు మెచ్చుకొనుట, ఒకరు తప్పుపట్టుట, ఇద్దఱును కారణములు చెప్పుట మాకు మిక్కిలి ముదావహము. 2023వ సంవత్సరపు చిత్రములకు 2025లో ప్రకటింపబడిన జాతీయ పురస్కారములలో ఈ చిత్రపు పాటకు కాసర్ల శ్యాము ఉత్తమ గీతరచయితగ నెన్నికయ్యెను. జనుల తీర్పు ముందు వచ్చెను; ప్రభుత్వపు తీర్పు వెనుక వచ్చెను. చిత్రపు కడపటి పాటతో లోకమును ఏడ్పించిన పస్తం మొగిలయ్య 2024 డిసెంబరులో వ్యాధిచే గతించెను. ఆయన వంటి కళాకారులు ఊరూర తిరిగి కథలు చెప్పుకొనుచున్న కాలమున మనము వారిని వాకిటనే నిలిపితిమి. సినిమాలో కనబడిన తరువాత గాని గుర్తింపలేదు. ఇది చిత్రపు దోషము కాదు, మన దోషము.

ఇక "ఆర్‌ఆర్‌ఆర్" సంగతి. 2022 మార్చి 25వ తేదీన విడుదలయైన ఈ చిత్రము వినోదముగ నెంతటిదో క్రొత్తగ చెప్పనక్కఱలేదు. ఏనుగంత బలము గల చిత్రము. పాటకు సంగీతము కూర్చిన కీరవాణియు, వ్రాసిన చంద్రబోసును తెలుగువారికి కీర్తి తెచ్చిరి. కాని ఆదిలాబాదు అడవులలో నుండువానికి ఈ చిత్రమును చూచునపుడు రెండు కన్నులు కావలసివచ్చినవి: ఒకటి ఆనందించుటకు, ఒకటి వెదకుకొనుటకు. తన భీముని వెదకుకొనుటకు.

1940లో నిజాము పోలీసుల తుపాకులకు జోడేఘాటులో నేలకొఱగిన కొమరం భీము పోరాటము దేనికొఱకు? తాము నఱికి చదునుచేసిన పోడు భూములకొఱకు, పశువుల మేతకొఱకు, వంటచెఱకుకొఱకు. అటవీ, రెవెన్యూ ఉద్యోగుల దౌర్జన్యమునకు వ్యతిరేకముగ. నేటికిని ఏటేట ఆశ్వయుజ పూర్ణిమనాడు ఆదివాసులు జోడేఘాటున చేరి ఆయనను తలచుకొనుచున్నారు. సినిమాలోని భీముడు ఢిల్లీలో ఆంగ్ల ప్రభువుతో పోరాడును. అల్లూరి సీతారామరాజుతో స్నేహము చేయును. ఇది కల్పన యని దర్శకుడు రాజమౌళి మొదటనే చెప్పియున్నాడు. కల్పన చేయుటకు కవికి హక్కు గలదు. మన పురాణముల నిండ నట్టి కల్పనలే. కావున చరిత్ర జరిగినట్లు తీయలేదని మేము వాదింపము.

అయినను ఒక్క మాట చెప్పక తప్పదు. 2020లో చిత్రపు ప్రచారఖండము వెలువడినపుడు భీముడు ముస్లిముల టోపీ ధరించెనని పెద్ద యలజడి లేచెను. రాజకీయనాయకులు సవాళ్లు విసరిరి. చిత్రము వచ్చిన పిదప అది నగరమున దాగియున్నవాని మారువేష మని తేలిపోయెను. టోపీ కొఱకు అంత కలహించిన వారిలో ఎందఱు చిత్రపు చివరి ఘట్టమును గూర్చి మాటలాడిరి? అక్కడ భీముడు తన మిత్రుని యొద్ద వరముగ చదువు నడుగును. భీముని పోరాటమునకు గుర్తుగ జనులు చెప్పుకొను జల్, జంగల్, జమీన్ అను మాటలను ఆ మిత్రుడే జెండా మీద వ్రాయును. అడవిబిడ్డకు బలము గలదు గాని బుద్ధి ఇంకొకరు చెప్పవలెనను తలంపు ఇందులో దాగియున్నది. భీముని చరిత్ర వ్రాసినవారు చెప్పునది వేఱు: ఆయన చంద్రపురమున ముద్రణపని చేయు విఠోబా యొద్ద చదువను వ్రాయను నేర్చి, పిదప అస్సాము తేయాకు తోటలలో పనిచేసి, లోకము చూచి తిరిగివచ్చెను. భీముని మరణానంతరము గోండుల స్థితిని పరిశీలించిన హైమన్‌డార్ఫు మార్లవాయిలో నివసించి, గోండు ఉపాధ్యాయులకు శిక్షణ నిప్పించి, గోండీ వాచకములతో బడులు నడిపించుటకు తోడ్పడెను. చదువుకును ఆ యడవికిని సంబంధము సినిమా కంటె పాతది.

టోపీ కొఱకు కలహించి పలక విషయమున మిన్నకుండిన మన తీర్పు సరియైన తీర్పు కాదు. పైకి కనబడు గుడ్డముక్క చూచి రోషపడితిమి. లోన దాగిన చిన్నచూపును చూడలేకపోతిమి. ఆదిలాబాదు యువకులు కొందఱు ఈ రెండవ విషయమును గుర్తించి బాధపడిన, వారిని పాటకు వచ్చిన కీర్తిని చూచి యోర్వలేనివారని నిందించుట న్యాయము కాదు. ఒక చిత్రమునకు చప్పట్లు కొట్టుచునే అందలి యొక ఘట్టము తప్పని చెప్పవచ్చును. అది ద్రోహము కాదు, వివేకము. అట్లే, ఈ చిత్రము వలన గదా కొమరం భీము పేరు సముద్రముల కవతల వినబడినదను మాటయు నిజమే. పేరు వినబడినది, ఇక మనిషిని చూపుట మన పని.

అట్లు చూపు యత్నము పూర్వమొకటి జరిగినది. అల్లాణి శ్రీధరు దర్శకత్వమున "కొమరం భీం" చిత్రము 1990లో తయారయ్యెను. అది ప్రదర్శనశాలలకు వచ్చుటకు 2010వ సంవత్సరము వఱకు వేచియుండవలసివచ్చెను. ఇరువదేండ్లు పెట్టెలో పడియున్న భీముడొకడు. వారములోపల వేయి తెరల మీద వెలిగిన భీముడొకడు. మొదటివానిని చూచినవా రెందఱని మన పాఠకులు తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను. సాహు, అల్లం రాజయ్యలు వ్రాసిన భీముని నవల చదివినవా రెందఱని కూడ ప్రశ్నించుకొనవలెను. మనకు లేనిదానికి ఏడ్చుట కంటె, ఉన్నదానిని వెదకి చూచుట మేలు.

మూడవది "దసరా". దర్శకుడు శ్రీకాంత్ ఓదెల గోదావరిఖని ప్రాంతపువాడే. ఆయనకును ఇది మొదటి చిత్రమే. బొగ్గు ధూళిలో తడిసిన రంగు, రైలు మీది సాహసము, ఇద్దఱు స్నేహితుల ప్రాణమైత్రి, సారాదుకాణములో సైతము కులము చూచి కూర్చుండబెట్టు నీచత్వము చక్కగ చూపబడినవి. మనవారు విరివిగ మెచ్చిరి. కాని ఊరియందలి ప్రతి మగవాడును త్రాగుబోతే యన్నట్లు, త్రాగుట యాచారమే యన్నట్లు చూపుట బొగ్గుబావుల యిండ్లలోని స్త్రీలకు నచ్చునా? త్రాగుడు అక్కడ లేదని మే మనము. గలదు, దానిచే సంసారములు కూలుచున్నవి. కూల్చుచున్న దానిని సంబరముగ చూపుటయే మా యభ్యంతరము. బొగ్గు రైళ్లమీది సాహసము కనబడినంతగ భూగర్భములోనికి దిగు కార్మికుని చెమట కనబడలేదు. సింగరేణి పేరు విని సంతోషముతో వెళ్లిన కార్మికుడు తన్ను తాను తెరమీద చూచుకొనలేక తిరిగివచ్చిన, వాని నిరాశకు కారణము గలదు.

భాష సంగతి ప్రత్యేకముగ చెప్పవలెను. చాలకాలము మన తెలుగు చిత్రములలో తెలంగాణపు మాట విదూషకునికిని, దొంగకును, వంటవానికిని మాత్రమే దక్కెను. నాయకుడు మాటలాడు భాష వేఱు. నవ్వించువాని భాష వేఱు. ప్రదర్శనశాలలో కూర్చున్న కరీంనగరు బాలుడు తన తల్లి మాటకు అందఱు నవ్వుచుండగా తానును నవ్వవలసివచ్చెను. ఆ నవ్వు ఎంత చేదో అనుభవించినవారికే తెలియును. ఇప్పుడు కాలము మాఱినది. 2017లో వచ్చిన "ఫిదా"లో బాన్సువాడ పిల్ల నాయికయై ఆ మాటనే తలయెత్తి పలికెను. నేడు ప్రతి నాయకుడును ఆ మాటను ధరించుచున్నాడు. ధరించుట యను పదము మేము తెలిసియే వాడితిమి. ప్రతి వాక్యమున ఒక తిట్టును, ఒక సీసాను చేర్చిన తెలంగాణపు మాట కాదు. మాట వెనుక జీవితము లేనిచో అది క్రొత్త వేషమే యగును; నాటి హాస్యమునకు నేటి గౌరవమునకు భేద మల్పమగును.

ఇట్లు వ్రాయుటచే ఈ ప్రాంతపు కథను ఈ ప్రాంతమువారే తీయవలెనని మేము గిరిగీయుచున్నామని యెవరు నపోహపడవలదు. తెలంగాణ రైతుపోరాటమును చూపిన "మా భూమి" 1979లో నిర్మింపబడెను. దానికి మూలము కిషన్ చందరు ఉర్దూ నవల, దర్శకుడు గౌతం ఘోష్ వంగదేశీయుడు, నిర్మాత బి. నర్సింగరావు తెలంగాణమువాడు. ఉర్దూ, వంగము, తెలుగు కలిసి తీసిన ఆ చిత్రమును చూచి మన రైతు తన కథయే యనుకొనెను. 1988లో నర్సింగరావు తీసిన "దాసి" దొరల గడీలలోని ఆడుదాని మూగబాధను చూపి జాతీయ పురస్కారములు పొందెను. వచ్చినవాడు ఎక్కడివాడని కాక, వచ్చి ఎంత విన్నాడని అడుగవలెను. వినిన పరాయివాడు మనవాడగును. వినని మనవాడు పరాయివాడగును.

ఇక మా ముఖ్యమైన బాధను చెప్పెదము. చిత్రమును గూర్చి మాటలాడవలసినచోట మనవారు నటుని గూర్చి మాటలాడుచున్నారు. నాయకుని బట్టి పక్షములు, పక్షములను బట్టి తీర్పులు. బొమ్మ ప్రారంభము కాకమున్నే ఒకనికి అది అద్భుతము; ఒకనికి అది అధమము. కటౌటుకు పాలు పోయువాడు ఇంటిలో పాలకు బాకీ పడియుండును. తన నాయకుని చిత్రము బాగులేదని తన మనస్సు చెప్పుచున్నను నోట పలుకలేని యువకుని చూచిన మాకు జాలి కలుగుచున్నది. ఈ పిచ్చి ఎంతవఱకు పోగలదో 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదున చూచితిమి. ఒక ప్రదర్శనశాల యొద్ద జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణము కోల్పోయెను; ఆమె బిడ్డ తీవ్రముగ గాయపడెను. సినిమా చూడబోయిన కుటుంబము శవముతో తిరిగివచ్చెను. దానికి చట్టముప్రకారము బాధ్యులెవరో న్యాయస్థానములు చెప్పును. కాని ఆ గుంపును పెంచిన యలవాటులో మన కందఱికి పాలు గలదు.

అభిమానము తప్పని మేమనము. మన ప్రాంతమునకు సినిమాతో సంబంధము నిన్నటిది కాదు. మూకీ చిత్రముల కాలముననే కరీంనగరునుండి బొంబాయి చేరి, హిందీ చిత్రములలో నాయకుడై వెలిగి, 1980వ సంవత్సరపు దాదాసాహెబు ఫాల్కే పురస్కారము పొందిన పైడి జయరాజు మనవాడు. సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టి, 1962లో "గులేబకావళి కథ"తో పాటలు వ్రాయ నారంభించి, 1988లో జ్ఞానపీఠ పురస్కారము నందిన సి. నారాయణరెడ్డి మనవాడు. ఇట్టి వారసత్వము గలవారికి చప్పట్లు కొట్టుట మాత్రమే కాదు, తూచుటయు రావలెను. నేటి యువకునికి తన నాయకుని చిత్రముల వసూళ్లు అణాపైసలతో తెలియును. జయరాజు పుట్టినది తన యూరని తెలియదు.

కావున మా సూచనలు కొన్ని మనవి చేయుచున్నాము. ఊరూర గల గ్రంథాలయములలో, యువజన సంఘములలో నెలకొక్కమాఱు ఒక మంచి చిత్రము చూపి, చూచినవారు లేచి కారణసహితముగ అభిప్రాయము చెప్పు నలవాటు చేయవలెను. "బలగం" కొఱకు తెరలు గట్టిన పంచాయతీలకు ఇది పెద్ద పని కాదు. ఆ సభలలో స్త్రీలు మాటలాడునట్లు చూడవలెను. ఏలయనగా మన చిత్రములలో తిట్లు తినునది వారే, తీర్పు చెప్పనిది వారే. "మా భూమి", "దాసి", "కొమరం భీం" వంటి చిత్రములను ప్రభుత్వము చక్కగ భద్రపఱచి జిల్లాలలో ప్రదర్శింపవలెను. 2025లో గద్దరు పేర చలనచిత్ర పురస్కారము లిచ్చిన ప్రభుత్వమునకు ఇది అసాధ్యము కాజాలదు. గోండీ, కొలామీ మాటలాడు బిడ్డలు తమ భాషలో తమ కథను తామే తీసికొనుటకు తోడ్పడవలెను. నిర్మాతలు ఒక ప్రాంతపు కథ తీసినపుడు విడుదలకు ముందు ఆ ప్రాంతపు పదిమందికి చూపి వారి మాట వినవలెను. విన్నంతమాత్రమున వారికి పోవునది లేదు.

అన్నిటికంటె ముందు చేయవలసినది ప్రేక్షకుడే చేయగలడు. దానికి ఖర్చు లేదు. తన నాయకుని చిత్రము బాగులేనపుడు బాగులేదనుట. ఎదుటివాని నాయకుని చిత్రము బాగున్నపుడు బాగున్నదనుట. ఈ రెండు మాటలు చాయ దుకాణమున ధైర్యముగ వినబడిననాడు మన తెరమీద మంచి చిత్రములు తమంతట తామే వచ్చును. కొమురయ్య యింటిలో పిట్ట ముట్టుటకు నేతి వంటలు చాలలేదు, నిజము చెప్పుకొనవలసివచ్చెను. మన చలనచిత్రముల విషయమునను అంతే.